విమానాశ్రయ తనిఖీల్లో మనకు ఏ హక్కులూ ఉండవా?

గోదావరి_గట్టు
మా అమ్మకు రెండు మోకాళ్ళూ మార్చారు. వయసు డెబ్బై దాటింది. మొన్న తమ్ముడి ఇంటికి పంపడానికి ఓ పెద్ద విమానాశ్రయానికి తీసుకెళ్ళాను. పేరు రాయను, ఏదైతే ఏమిటి. టిక్కెట్టు లేదు కాబట్టి నేను బయటే ఆగిపోయాను. చక్రాల కుర్చీ మనిషి లోపలికి తీసుకెళ్ళాడు. మోకాళ్ళలో లోహం ఉంది, గుమ్మం దగ్గర కూత వస్తుందని మాకు ముందే తెలుసు. అందుకే డాక్టరు ఉత్తరం, ఎక్స్‌రే ఆమె చేతిలో పెట్టే పంపాను. ఆ ఉత్తరం మడత కూడా ఎవరూ విప్పలేదు. తెర వెనక్కి తీసుకెళ్ళి చీర మోకాళ్ళ పైదాకా ఎత్తమన్నారట. కుట్ల మచ్చలు చూపించాక కూడా నొక్కి నొక్కి చూశారట. తెర సగమే వేశారు, అవతల జనం. ఇదంతా అమ్మ తనంతట తాను చెప్పలేదు, రెండు రోజులు ముభావంగా ఉంటే మరదలు గుచ్చి గుచ్చి అడిగి రాబట్టింది.

అక్కడితో అయిపోలేదు. సంచిలో చిన్న ఆవకాయ సీసా ఉంది. మూత చుట్టూ టేపు వేసి, కవర్లలో చుట్టి పెట్టాం. దేశంలోపలి ప్రయాణమే. దాన్ని తీసి పక్కన పెట్టేశారు. పోయిన వేసవిలో అదే విమానాశ్రయం నుంచి అలాంటి సీసాయే వెళ్ళింది, అప్పుడు ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇలా చేయవచ్చని ఎక్కడైనా రాసి ఉందా? ఫిర్యాదు చేయాలంటే ఎవరికి? అమ్మ అయితే ఇక రైలే నయం అంటోంది.

కందిపొడి_ప్రియుడు
ముందు అమ్మగారు ఎలా ఉన్నారో చెప్పండి. ఆవకాయకు సంతాప సభ తరువాత పెడదాం.

శంషాబాద్_బాబాయి
నాకు ఇందులో పెద్ద తప్పేమీ కనబడలేదు. గుమ్మం కూసింది, వాళ్ళు చూశారు. డాక్టరు ఉత్తరం అంటారా, ఇంట్లో ప్రింటరు ఉన్న ప్రతివాడూ ఒకటి తయారు చేసుకోగలడు. 1999 డిసెంబరులో కాఠ్మండూ నుంచి ఢిల్లీ రావలసిన విమానం కాందహార్‌లో తేలినప్పుడు టీవీల ముందు కూర్చుని భద్రత నిద్రపోతోందా అని తిట్టింది మనమే. ఆ తరువాతే 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాలను రాష్ట్ర పోలీసుల చేతుల్లోంచి తీసి సీఐఎస్ఎఫ్‌కు, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించారు. గట్టిగా చూడమన్నదీ మనమే, చూస్తే గోల పెట్టేదీ మనమే.

పెన్నా_తీరం
బాబాయిగారూ, చూడవద్దని ఆయన ఎక్కడ అన్నారు? తెర పూర్తిగా వేసి చూడమన్నారు. ఈ రెంటికీ తేడా తెలియాలంటే ఒకసారి చీర కట్టుకుని ఆ వరుసలో నిలబడాలి. మీ మగవాళ్ళు చిన్న పీట ఎక్కి చేతులు చాపితే అయిపోతుంది. మాకు పిన్నీసు కూత, గాజుల కూత, మట్టెల కూత. పుస్తెలతాడు లోపల ఉంటే బయటికి తీసి చూపించమంటారు. పైగా ఆడవాళ్ళకు ఒక్క వరుస పెట్టి, పక్కన మగవాళ్ళకు ఎన్నో తెరుస్తారు.

మా పాప చంటిపిల్లగా ఉన్నప్పుడు పాలసీసా మూత తీసి వాసన చూసిన మహాతల్లి కూడా నాకు తగిలింది. ప్రయాణానికి సరిపడా పిల్లల పాలకూ, మందులకూ ద్రవాలకు పెట్టిన వంద మిల్లీలీటర్ల లెక్క వర్తించదని ఆవిడకు నేను పాఠం చెప్పవలసి వచ్చింది. విమానం ఎక్కేసరికి నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

శంషాబాద్_బాబాయి
పాలసీసా మూత తీయడం అన్యాయమే. మిగతాది ఉద్యోగం.

నల్లకోటు
రాసి ఉందా అని అడిగారు కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను. ఎవరిని ఎలా తనిఖీ చేయాలో నిర్ణయించేది బీసీఏఎస్, అంటే పౌర విమానయాన భద్రతా బ్యూరో. చాలాచోట్ల అమలు చేసేది సీఐఎస్ఎఫ్. పైన విమాన భద్రతా నియమాలు ఉన్నాయి, పాతవాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. అసలు చిక్కు కింది స్థాయిలో ఉంది. సిబ్బంది రోజూ పాటించే సర్క్యులర్లలో చాలావాటిని బయటివాళ్ళకు చూపించరు. భద్రతకు సంబంధించిన వివరాలు కదా అంటారు. అది కొంతవరకు నిజమే. కానీ ఫలితం ఏమిటంటే, అవతలి మనిషి "రూలు ఇదే" అంటే కాదనడానికి మన చేతిలో కాగితం ఉండదు.

చూపించగలిగిన కాగితాలు మాత్రం కొన్ని ఉన్నాయి. జీజా ఘోష్ అనే వికలాంగుల హక్కుల కార్యకర్తను 2012లో కోల్‌కతాలో, విమానం ఎక్కి కూర్చున్నాక దింపేశారు. ఆమెకు సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాల కదలిక అదుపులో ఉండని వైకల్యం. 2016 మేలో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ వ్యవహారం కొనసాగింపుగానే 2021 డిసెంబరులో కోర్టు మరో మాట అంది: కృత్రిమ అవయవాలు ఉన్నవాళ్ళను తనిఖీ పేరుతో వాటిని విప్పమనకూడదు, వికలాంగులను వాళ్ళ సమ్మతి లేకుండా ఎత్తి మోయకూడదు. దానికి రెండు నెలల ముందే నర్తకి సుధా చంద్రన్ తన కృత్రిమ కాలిని ప్రతిసారీ తీయించుకోవలసి వస్తోందని ప్రధానికి వీడియోలో మొరపెట్టుకున్నారు. సీఐఎస్ఎఫ్ బహిరంగంగానే క్షమాపణ చెప్పింది.

అమ్మగారి విషయంలో విప్పడానికే ఏమీ లేదు, లోహం ఎముకలోనే ఉంది. చేతి డిటెక్టరు పెట్టి చూసి, అనుమానం ఉంటే చీర మీదుగా తడిమితే తెలిసిపోతుంది. చూసేది ఆడవాళ్ళే అయి ఉండాలి, నలుగురి కంట పడని చోట చూడాలి. ఇంతవరకు అడగడం మన హక్కు. అసలు తనిఖీయే వద్దనడం కుదరదు, అలా అంటే విమానం ఎక్కనివ్వరు.

గోదావరి_గట్టు
నల్లకోటుగారూ, ధన్యవాదాలు. అమ్మ బాగానే ఉంది, కోపం తగ్గలేదు.

స్వామి_శరణం
ఆవకాయ కంటే పెద్ద కథ మాది. ఇరుముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయ ఉంటుంది. దాన్ని బూట్లూ బట్టలతో కలిపి అడుగు సామానులో (చెక్-ఇన్‌లో) పడేయడానికి ఏ స్వామికీ మనసు ఒప్పదు. క్యాబిన్‌లోకి కొబ్బరికాయ తీసుకెళ్ళకూడదని నియమం. 2022 నవంబరులో ఆ సీజను వరకు సడలించారు. మళ్ళీ 2024 అక్టోబరులో విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు, మన శ్రీకాకుళం ఎంపీయే, 2025 జనవరి 20 దాకా ఇరుముడిని చేతిలో పట్టుకెళ్ళవచ్చని ప్రకటించారు. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల ఆనవాళ్ళు పట్టే యంత్రం, చేత్తో పరీక్ష, మూడూ అయ్యాకే సుమా. కొచ్చి విమానం వరుసలో నల్లబట్టల స్వాములందరం ఇరుముళ్ళు నెత్తిమీంచి దించి ట్రేలో పెట్టి, అవతల చేతులు జోడించి తీసుకుంటుంటే అక్కడి అమ్మాయి చిరునవ్వుతో "శరణం స్వామీ" అంది. మంచివాళ్ళూ ఉంటారు.

కందిపొడి_ప్రియుడు
జనవరి 20 రాత్రి దాకా భక్తి, 21 నుంచి ఆయుధం.

స్వామి_శరణం
తిరుగు ప్రయాణంలో ఆ భయం లేదు. నెయ్యి అభిషేకానికి వెళ్ళిపోతుంది, కాయ అక్కడే పగిలిపోతుంది.

బోర్డింగ్_బ్రహ్మయ్య
విమానయాన సంస్థలో నేల మీది ఉద్యోగం చేసి మానేసినవాణ్ణి. కొబ్బరి మీద వాళ్ళకు కక్షేమీ లేదు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, గాలి ఆడని చోట దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల జాబితాలో దానికి విడిగా ఒక నంబరే ఉంది, 1363. అందుకే ఎండుకొబ్బరి చేతి సంచిలోనే కాదు, అడుగు సామానులో కూడా నిషిద్ధం. అత్తగారు ప్రేమగా పెట్టిన ఎండుకొబ్బరి చిప్పలు బయటికి తీయించేటప్పుడు నేను తిన్న తిట్లు ఇక్కడ రాయలేను.

ఇక ఆవకాయ. ఎక్స్‌రే తెర మీద రంగులు ఉంటాయి. లోహాలు నీలంగా, బట్టలు, తిండి, కాగితం, ప్లాస్టిక్కు నారింజ రంగులో కనబడతాయి. పేలుడు పదార్థాలు కూడా ఆ నారింజలోనే. ఇప్పుడు మీరు గట్టిగా మూత బిగించి, టేపు చుట్టి, కవర్లు వేసిన ఒక ఆవకాయ సీసా పెట్టారు. తెర మీద ముదురు నారింజ ముద్ద, చుట్టూ చుట్టలు చుట్టిన ప్లాస్టిక్కు. ఎంత శ్రద్ధగా చుడితే అంత అనుమానం. నేతి డబ్బా, సున్నుండలు, పూతరేకుల పెట్టె, లావుపాటి పుస్తకాల కట్ట, అన్నీ అదే బాపతు. తెర ముందు కూర్చున్నవాడికి ఆలోచించడానికి దొరికేది క్షణాలు. వదిలేసి ఏదైనా జరిగితే అతని ఉద్యోగం పోతుంది. ఆపితే మీ ఆవకాయ పోతుంది. ఏది ఎంచుకుంటాడో మీరే చెప్పండి.

పెన్నా_తీరం
అనుమానం వస్తే సంచి తెరిచి చూస్తారు, సరే. తెరిచాక అది ఆవకాయ అని కళ్ళకు కనబడుతోందిగా! వాసన కూడా వస్తుంది. అప్పుడు ఎందుకు పడేయడం?

బోర్డింగ్_బ్రహ్మయ్య
నూనె కదమ్మా. విదేశీ ప్రయాణమైతే ద్రవాలు, జెల్లులు ఒక్కో సీసా వంద మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఉండాలి. 2006 ఆగస్టులో లండన్‌లో శీతల పానీయాల సీసాలతో విమానాలు పేల్చే కుట్ర బయటపడ్డాక ప్రపంచమంతా వచ్చిన నిబంధన ఇది. దేశంలోపల అంత పట్టింపు ఉండదు, మంచినీళ్ళ సీసా కూడా చాలాచోట్ల వదిలేస్తారు. కానీ నూనె ఊరగాయ విషయం వచ్చేసరికి అక్కడున్న మనిషి ఇష్టం.

గోదావరి_గట్టు
నేను పట్టుకుని వేలాడుతున్నది ఆ చివరి మాటనే. అక్కడున్న మనిషి ఇష్టం. పోయిన వేసవిలో వదిలి, ఈసారి పట్టుకునేదాన్ని నియమం అని ఎలా అంటాం? నిషిద్ధమైతే అన్నిచోట్లా నిషిద్ధం అని పెద్ద అక్షరాలతో తెలుగులో బోర్డు పెట్టమనండి, ఇంటి దగ్గరే వదిలి వెళ్తాం. అమ్మ మోకాళ్ళ విషయమూ అంతే. ఒకచోట చేతి డిటెక్టరుతో సరి, మరొకచోట చీర ఎత్తాలి.

శంషాబాద్_బాబాయి
బోర్డు పెడితే దొంగలకూ తెలుస్తుంది.

గోదావరి_గట్టు
ఆవకాయ దొంగలకా?

టెక్సాస్_తాత
మీరు వంద మిల్లీలీటర్ల దగ్గరే ఆగిపోయారు, మాకు పొడుల తంటా కూడా ఉంది. 2018 జూన్ ఆఖరు నుంచి అమెరికా వచ్చే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి ఏదైనా చేతి సంచిలో ఉంటే విడిగా పరీక్షించాలి. తేల్చుకోలేకపోతే ఎక్కనివ్వరు. కందిపొడి, కారప్పొడి, నల్లకారం, కరివేపాకు పొడి, ములగాకు పొడి! మా కోడలి పుట్టింటివాళ్ళు ఏటా ఒక సంచి నిండా ఇవే కట్టి ఇస్తారు. చేతి సంచిలో మాత్రం పెట్టకండి, అడుగు సామానులో నిశ్చింతగా వస్తాయి.

ఇక్కడి పద్ధతి ఒకటి చెబుతాను. తడిమి చూడవలసి వస్తే విడి గదిలో చూడమని అడగవచ్చు, మన వెంట వచ్చిన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు. ఇది వాళ్ళే తమ సైటులో రాసి పెట్టారు. మా ఆవిడకు తుంటి ఎముక మార్చారు, ప్రతిసారీ నేను పక్కనే నిలబడతాను. వాళ్ళు కూడా చేయి ఎక్కడ వేయబోతున్నారో ముందు నోటితో చెప్పి, ఆ తరువాతే వేస్తారు.

అలాగని ఇక్కడ స్వర్గం అనుకోవద్దు. 2001 డిసెంబరులో ఒకడు బూటులో బాంబు పెట్టుకుని ఎక్కిన పాపానికి 2025 జులై దాకా దేశమంతా బూట్లు విప్పింది.

కందిపొడి_ప్రియుడు
తాతగారూ, నా పేరే నిషిద్ధ పదార్థం అయిపోయింది. ఇక నేను చేతి సంచిలో రాలేను.

ఉల్లిపెసరట్టు
బోర్డింగ్ కార్డు మీద నాలుగు ఎస్సులు (అదనపు తనిఖీ గుర్తు) అచ్చయిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నా పాలిట అవి శనిగ్రహాలు. అమెరికా విమానం ఎక్కిన ప్రతిసారీ పక్కకు పిలిచి సంచి మొత్తం కుమ్మరించి, ఫోను వెలిగించి చూపించమంటారు. పేరు ఎవరితోనో కలిసిందట.

టెక్సాస్_తాత
దానికి మందు ఉంది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు ట్రిప్ అనే ఫిర్యాదు విభాగం ఉంది. అర్జీ పెడితే, పరిశీలించి ఒక నంబరు ఇస్తారు. తరువాత టిక్కెట్టు కొనేటప్పుడల్లా ఆ నంబరు వేయండి. మా అల్లుడి పేరు కూడా అలాగే ఎవరితోనో కలిస్తే దానితోనే విముక్తి.

మాచవరం_మామయ్య
మనబోటివాళ్ళం ఎంత? అబ్దుల్ కలాంగారినే 2009 ఏప్రిల్‌లో ఢిల్లీలో విమానం ఎక్కబోతుంటే ఒక విదేశీ విమాన సంస్థవాళ్ళు తడిమి చూశారు. మాజీ రాష్ట్రపతులకు తనిఖీ మినహాయింపు ఉన్నా లెక్క చేయలేదు. జులైలో రాజ్యసభలో గొడవ అయ్యాక క్షమాపణ చెప్పారు.

శంషాబాద్_బాబాయి
ఆయన పల్లెత్తు మాట అనలేదు, నిలబడి తనిఖీ చేయించుకున్నారు. అది గమనించండి.

మాచవరం_మామయ్య
గమనించాను. ఆయన అనలేదు కాబట్టే మనం అనాలి.

ఆఖరి_పిలుపు
కాస్త నా గోడు కూడా వినండి. తనిఖీ వరుసలో గంటకు పైగా నిలబడి విమానం పోగొట్టుకున్నాను. గేటు దగ్గరికి పరిగెత్తేసరికి తలుపు వేశారు, విమానం అద్దంలోంచి కనబడుతూనే ఉంది. ఎక్కనివ్వకపోతే పరిహారం ఇస్తారని ఎక్కడో చదివాను, అది నాకు వస్తుందా?

నల్లకోటు
రాదు. ఆ పరిహారం సీట్లకు మించి టిక్కెట్లు అమ్ముకుని, సమయానికి వచ్చిన మనిషిని ఆపేసినప్పుడు. గంటలోపు బయలుదేరే మరో విమానం ఇస్తే ఏమీ ఉండదు. 24 గంటల్లోపు ఇస్తే ఒకవైపు మూల ఛార్జీకి, ఇంధన రుసుముకు కలిపి రెట్టింపు, గరిష్ఠంగా 10,000. ఆ తరువాత ఇస్తే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. మీ కేసులో తలుపు మూసే సమయానికి మీరు అక్కడ లేరు, విమాన సంస్థ దృష్టిలో మీరు అసలు రానట్టే లెక్క.

అయినా పూర్తిగా వట్టి చేతులతో పోనక్కర్లేదు. ప్రయాణం చేయనివారికి పన్నులు, వినియోగదారు అభివృద్ధి రుసుము, భద్రతా రుసుము వెనక్కి ఇవ్వాలి, టిక్కెట్టు "తిరిగి ఇవ్వబడదు" రకమైనా సరే. చాలామంది అడగరు, వాళ్ళు గుర్తు చేయరు. వెంటనే రాతపూర్వకంగా అడగండి.

పెన్నా_తీరం
ఆ భద్రతా రుసుము ఎంతో చెప్పండి బాబాయిగారికి.

నల్లకోటు
2021 ఏప్రిల్ సవరణ ప్రకారం దేశీయ టిక్కెట్టు మీద 200 రూపాయలు, అంతర్జాతీయ టిక్కెట్టు మీద 12 డాలర్లు.

పెన్నా_తీరం
అంటే నా డబ్బుతోనే నన్ను నిలబెడుతున్నారు. ఆ డబ్బులో ఇంకో మూర తెరగుడ్డ రాదా?

ఉల్లిపెసరట్టు
వరుస తగ్గాలంటే ఫోనులో డిజియాత్ర యాప్ పెట్టుకోండి. ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. హైదరాబాదులో, విజయవాడలో 2023 నుంచే ఉంది.

మాచవరం_మామయ్య
తెరుచుకునేది ప్రవేశ ద్వారం. లోపల పీట ఎక్కి చేతులు చాపడం ఎవరికీ తప్పదు. పైగా అది ఐచ్ఛికం అని ప్రభుత్వమే చెబుతున్నా, గుమ్మం దగ్గర మనుషులు "సార్, ఒక్క ఫోటో" అంటూ ఫోను ముఖం మీద పెట్టి చేర్పించేస్తున్నారు. వద్దని చెప్పవచ్చు, మామూలు వరుసలో గుర్తింపు కార్డు చూపించి వెళ్ళవచ్చు. నేను అలాగే వెళ్తాను.

ఉల్లిపెసరట్టు
ఫోటోలు 24 గంటల్లో చెరిపేస్తామని చెప్పారుగా మామయ్యా.

మాచవరం_మామయ్య
చెప్పారు. చెరిపినట్టు నాకు ఎవరు చూపిస్తారు?

గోదావరి_గట్టు
దారి తప్పుతోంది. నా ఫిర్యాదు ఎక్కడ వేయాలి, అది చెప్పండి ఎవరైనా.

నల్లకోటు
ఎయిర్‌సేవా పోర్టల్‌లో వేయండి. అది పౌర విమానయాన శాఖది, 2016 నుంచి నడుస్తోంది, భద్రతా తనిఖీ మీద ఫిర్యాదులూ తీసుకుంటుంది. విమానం నంబరు, తేదీ, ఏ గేటు, సుమారు సమయం రాయండి. కెమెరా దృశ్యాలు భద్రపరచమని అందులోనే కోరండి, ఆలస్యమైతే చెరిగిపోతాయి. తెర లోపల కెమెరా ఉండదు, ఉండకూడదు కూడా, కానీ తెర ఎంతవరకు వేశారో బయటి కెమెరాలో పడి ఉండవచ్చు.

సమాచార హక్కు అర్జీ పెడదామంటే ఒక మెలిక ఉంది. సీఐఎస్ఎఫ్ ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది, మామూలు ప్రశ్నలకు జవాబు ఇవ్వనక్కర్లేదు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రం ఆ మినహాయింపు లేదు. కాబట్టి మీ అర్జీలో "అసౌకర్యం కలిగింది" అని మెత్తగా రాయకండి, ఏ హక్కుకు భంగం కలిగిందో రాయండి. వినియోగదారుల కమిషన్ సంగతి వేరు, తనిఖీ చేసేది ప్రభుత్వ బలగం కాబట్టి "సేవాలోపం" అని నిరూపించడం కష్టం. చక్రాల కుర్చీ మనిషి ఆమెను వదిలేసి వెళ్ళి ఉంటే అది విమాన సంస్థ బాధ్యత, అక్కడ పట్టు దొరుకుతుంది.

బోర్డింగ్_బ్రహ్మయ్య
ఒక చిట్కా. ఈసారి తెర వెనక్కి వెళ్ళేముందే అమ్మగారిని "మీ షిఫ్టు అధికారిని పిలవండి" అని ఒక్క మాట అనమనండి. గొంతు పెంచనక్కర్లేదు. అధికారి వస్తే పరదా దానంతట అదే చివరిదాకా జరుగుతుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ వెటకారం వద్దు. సంచిలో ఏముంది అంటే బాంబు ఉంది అని నవ్వినవాళ్ళు విమానం బదులు పోలీసు జీపు ఎక్కడం నేను చూశాను.

పెన్నా_తీరం
మా పెద్దవాళ్ళకు ఆ మాట అనే ధైర్యం ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. హిందీలోనో ఇంగ్లీషులోనో గద్దిస్తారు, వీళ్ళు బిక్కచచ్చి తలూపేస్తారు. నేను మా అత్తగారికి ఒక చీటీ రాసి ఇచ్చాను, మూడు భాషల్లో: "నా తుంటిలో లోహం ఉంది. ఆడ అధికారి చేత, మూసిన చోట తనిఖీ చేయించండి. బట్టలు తీయను." చూపిస్తే కనీసం ఒక్క క్షణం ఆగుతారు.

శంషాబాద్_బాబాయి
చీటీ బాగుంది. నాకు గుండెలో పేస్‌మేకర్ ఉంది, నేనూ ఒకటి రాసుకుంటాను.

పెన్నా_తీరం
మీకా! చేతి డిటెక్టరు ఛాతీ మీద పెట్టి ఉంచవద్దు, చేత్తో తడిమి చూడండి అని అందులో తప్పకుండా రాయండి. కార్డు కూడా దగ్గర పెట్టుకోండి.

శంషాబాద్_బాబాయి
ఇన్నాళ్ళూ డిటెక్టరు పెడుతుంటే ఊరుకున్నాను. ఉద్యోగం కదా అని.

గోదావరి_గట్టు
ఎయిర్‌సేవాలో వేశాను. అమ్మ పేరుతోనే వేయమంది, తనే పక్కన కూర్చుని ఒక్కో వాక్యం చెప్పి రాయించింది. సీసా గురించి కూడా రాయమంది, రాశాను. జవాబు వస్తే ఇక్కడ పెడతాను. పెన్నాగారూ, ఆ చీటీ హిందీ పాఠం కూడా ఇక్కడ పెట్టగలరా?

పెన్నా_తీరం
రాత్రికి పెడతాను.

కొత్త_ప్రయాణికుడు
మొదటిసారి విమానం ఎక్కుతున్నాను. చిన్న పచ్చడి రోలు చేతి సంచిలో పట్టుకెళ్ళవచ్చా? రాతిది, మరీ బరువేమీ లేదు.

బోర్డింగ్_బ్రహ్మయ్య
రోకలి కూడా ఉందా?